ముందు పాట వినండి

పింక్ ఫ్లాయిడ్‌కు ఆ పేరు పెట్టి, తొలి ఆల్బమ్‌లోని పాటల్లో చాలావాటిని రాసిన సిడ్ బ్యారెట్ 1968లో బ్యాండ్‌కు దూరమయ్యాడు. 1970 జనవరిలో వచ్చిన అతని మొదటి సోలో ఆల్బమ్ ‘ద మ్యాడ్‌క్యాప్ లాఫ్స్’ను మతి చెదిరినవాడి పాటలుగా కొట్టిపారేస్తే నాకు కోపం వస్తుంది. చాలా పాటల్లో అతని గొంతూ, అకూస్టిక్ గిటారూ, పెద్దగా ఇంకేమీ ఉండదు. తాళం అతని ఊపిరిని బట్టి సాగుతుంది, ఆగుతుంది. అతను పాడేసిన ట్రాకుల మీద తర్వాత వాయించిన సాఫ్ట్ మెషీన్ బ్యాండ్ కళాకారులంతటివాళ్లే తడుముకుంటూ వెంట నడవడం వినిపిస్తుంది. జేమ్స్ జాయ్స్ కవితకు కట్టిన ‘గోల్డెన్ హెయిర్’ బాణీ మాత్రం గాలి లేని గదిలో దీపంలా నిశ్చలంగా ఉంటుంది. ఎంత బాగుంటుందో! కొన్ని పాటలకు నిర్మాతలు పింక్ ఫ్లాయిడ్‌లో బ్యారెట్ స్థానంలోకి వచ్చిన డేవిడ్ గిల్మర్, పాత సహచరుడు రోజర్ వాటర్స్. ‘ఇఫ్ ఇట్స్ ఇన్ యూ’ మొదట్లో శ్రుతి అందక అతను ఆగి, మళ్లీ ఎత్తుకున్న ముక్కను వాళ్లు అలాగే ఉంచేశారు. ఉద్దేశం ఏదైనా, అది అన్యాయమే. గాయకుడి తడబాటు శ్రోత సొత్తు కాదు. మీరు అతని కష్టాల కథ తర్వాత చదవండి, ముందు ఈ ఆల్బమ్‌లోని ‘టెర్రాపిన్’ వినండి.