పారిపోవడమూ ధైర్యమే

వెన్ను చూపిన వాణ్ణి లోకం పిరికివాడంటుంది. బైబిలు మాత్రం ఒక పరుగును ఎంతో గౌరవంగా రాసిపెట్టింది. అది పోతీఫరు ఇంట్లోంచి యోసేపు తీసిన పరుగు.

యాకోబు ముద్దుల కొడుకు యోసేపు. అతనికి 17 ఏళ్లున్నప్పుడు మొదలైన కథ ఇది. తండ్రి కుట్టించిన రంగురంగుల అంగీని అన్నలు అసూయతో ఒలిచేసి, తమ్ముణ్ణి 20 తులాల వెండికి వర్తకులకు అమ్మేశారు. ఐగుప్తులో ఫరో ఉద్యోగి పోతీఫరు అతణ్ణి కొనుక్కున్నాడు. కుర్రవాడి నమ్మకం చూసి ఇల్లంతా అతని చేతికే అప్పగించాడు. తాను తినే భోజనం తప్ప మరే సంగతీ యజమాని పట్టించుకోనక్కర్లేకపోయింది. వయసులో ఉన్నవాడు, అందగాడు, ఊరుగాని ఊరు. ఏం చేసినా అడిగే పెద్దదిక్కు లేదు. అలాంటివాడి మీద యజమాని భార్య కన్ను పడింది.

ఆమె ఒకసారి అడిగి ఊరుకోలేదు, రోజూ అడిగింది. ఇంత నమ్మిన యజమానికి ద్రోహం చేయలేననీ, దేవునికి విరోధంగా పాపం చేయలేననీ యోసేపు చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు కూడా. ఆమె దగ్గర ఉండడానికైనా ఒప్పుకోలేదని ఆదికాండము 39వ అధ్యాయం చెబుతోంది. చదువుతూ చాలామంది దాటేసే మాట ఇదే. ‘నేను గట్టివాణ్ణి, పక్కన కూర్చున్నా నాకేం కాదు’ అని అతడు అనుకోలేదు. చివరికి ఇంట్లో ఎవరూ లేని ఒకరోజు ఆమె బట్ట పట్టుకుంటే, దాన్ని ఆమె చేతిలోనే వదిలేసి బయటకు పరుగెత్తాడు. అక్కడ నిలబడి వాదించి ఉంటే ఏమయ్యేదో!

దావీదు సంగతి ఇందుకు పూర్తిగా విరుద్ధం. గొల్యాతు ముందు వెనక్కి తగ్గని వీరుడాయన. రాజులు యుద్ధానికి బయలుదేరే కాలంలో యోవాబును, సైన్యాన్ని రబ్బా పట్టణం మీదికి పంపి తాను యెరూషలేములో ఉండిపోయాడు. సాయంత్రం పడక మీద నుంచి లేచి మిద్దె మీద తిరుగుతుంటే స్నానం చేస్తున్న స్త్రీ కనబడింది. కనబడడం ఆయన తప్పు కాదు. మిద్దె దిగి లోపలికి వెళ్లిపోతే కథ అక్కడితో ముగిసేది. ఆయన ఆమె ఎవరో కనుక్కు రమ్మన్నాడు. ఊరియా భార్య బత్షెబ అని జవాబొచ్చింది. ఊరియా పరాయివాడేమీ కాదు, దావీదు శూరుల పట్టికలో పేరున్నవాడు. ఆ పేరు విన్నప్పుడైనా ఆగవచ్చు. ఆగకుండా మనుషుల్ని పంపి ఆమెను పిలిపించాడు. ఆ తర్వాత తప్పు కప్పిపుచ్చుకోడానికి ఊరియా చావుకు ఉత్తరం రాసి, దాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. బత్షెబను తప్పు పట్టే ప్రసంగాలు అప్పుడప్పుడు వినిపిస్తుంటాయి గానీ, ఆ అధ్యాయం మాత్రం నేరమంతా దావీదు మీదే పెట్టింది.

ఈ తేడా పసిపిల్లల్లో కూడా కనిపిస్తుంది. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్‌లో వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బడి ఈడు రాని పిల్లలతో ఒక ప్రయోగం చేశాడు. ఇప్పుడే అయితే చిన్న బహుమానం, కాసేపు ఆగితే ఇష్టమైన చిరుతిండి. తినుబండారాలు కళ్లెదుట ఉన్నప్పుడు పిల్లలు త్వరగా ఓడిపోయారు. కనబడకుండా దాచినప్పుడు చాలాసేపు ఆగగలిగారు. కొందరు తమంతట తామే కళ్లు మూసుకున్నారు, పాటలు పాడుకున్నారు. 1970లో అచ్చయిన సంగతి ఇది. అలా ఆగిన పిల్లలు పెద్దయ్యాక బాగా రాణిస్తారన్న ప్రచారం కూడా చాలాకాలం సాగింది. 2018లో ఎక్కువమంది పిల్లల వివరాలు చూసినప్పుడు, ఇంటి పరిస్థితులు లెక్కలోకి తీసుకుంటే ఆ సంబంధం చాలా బలహీనమని తేలింది. కళ్లు మూసుకున్న పిల్లల తెలివి మాత్రం అందరికీ పనికొచ్చేదే.

తాగుడు మానేసిన మనిషికి ఈ కిటుకు బాగా తెలుసు. జీతం రోజున వైన్ షాపు ఉన్న వీధి వదిలేసి చుట్టూ తిరిగి ఇంటికొస్తాడు. జీతం కవరు తిన్నగా భార్య చేతిలో పెడతాడు. పాత స్నేహితులు ‘ఒక్క గ్లాసుకేమవుతుందిరా, నీ మీద నీకు ఆ మాత్రం నమ్మకం లేదా?’ అని ఎగతాళి చేస్తారు. లేదని ఒప్పుకోగలగడమే అతని బలం. రాత్రి సెల్‌ఫోను హాల్లో పెట్టి పడుకునే కాలేజీ కుర్రాడూ, క్రెడిట్ కార్డు ఇంట్లో వదిలి బజారుకెళ్లే గృహిణీ అదే పని చేస్తున్నారు.

పౌలు కూడా తిమోతికి రాసిన రెండో పత్రికలో యౌవనేచ్ఛలతో కుస్తీ పట్టమనలేదు, వాటి నుంచి పారిపొమ్మన్నాడు. అయితే ఒంటరిగా కాదు, పవిత్ర హృదయంతో ప్రార్థించే వారితో కలిసి నీతిని, విశ్వాసాన్ని, ప్రేమను వెంటాడమన్నాడు. గలతీయులకు రాసిన పత్రికలో ఆత్మఫలాన్ని వివరిస్తూ చివర ఆశానిగ్రహాన్ని చేర్చాడు. ఫలమన్నాడు గనుక అది ఒక్క రాత్రిలో చేతికొచ్చేది కాదు. నీళ్లు పోయాలి, కాపు కాయాలి, ఓ ఏడు కాయకపోయినా చెట్టు నరకకూడదు. నాతాను ప్రవక్త నిలదీసినప్పుడు సాకులు చెప్పకుండా పాపం ఒప్పుకున్న దావీదును దేవుడు క్షమించాడు. కానీ ఊరియా తిరిగి రాలేదు.

యోసేపుకైనా వెంటనే ఏ బహుమానమూ అందలేదు. అతడు వదిలేసిన బట్టనే సాక్ష్యంగా చూపించి ఆమె నింద వేసింది. యజమాని చెరసాలలో వేయించాడు. అక్కడ ఫరో పానదాయకుల అధిపతికి కల భావం చెప్పి, ‘రాజుతో నా సంగతి ఒక్క మాట చెప్పు’ అని బతిమాలుకున్నాడు. ఆ పెద్దమనిషి విడుదలై వెళ్లి యోసేపును మరిచిపోయాడు. మరో రెండేళ్లు గడిచాక, 30 ఏళ్ల వయసులో, గడ్డం గీయించుకుని, బట్టలు మార్చుకుని యోసేపు ఫరో ముందుకు వెళ్లాడు.