చుక్కకి టేపేసి చూడు

మా ఆఫీసులో ఏ ట్రైనింగ్ పెట్టినా మొదటి స్లైడు అర్జునుడిదే. చెట్టు కనపడలేదు, కొమ్మ కనపడలేదు, పక్షి కన్నొక్కటే కనపడింది అనగానే చప్పట్లు. ఎప్పుడైనా ఎయిర్‌గన్ పట్టుకున్నవాడికి ఇక్కడ చిన్న అనుమానం రావాలి. నాకు ఇన్నేళ్ళకి, మైపాడు బీచిలో బెలూన్లు కాల్చే బండి దగ్గర వచ్చింది.

సంక్రాంతికి నెల్లూరొచ్చిన మా బావ డల్లాస్‌లో వారాంతాల్లో పిస్టల్ రేంజికి పోతుంటాడు. నేను ఎడమ కన్ను మూసి పది గుళ్ళు కాలిస్తే రెండు బెలూన్లు పగిలాయి. "కన్నెందుకు మూస్తావురా, రెండూ తెరువు" అన్నాడు.

మామూలు గన్నుకి వెనక గాడి, ముందు మొన, ఎదురుగా టార్గెట్టు. మూడూ మూడు దూరాల్లో ఉంటాయి, కన్ను ఒకసారికి ఒక్కదాని మీదే ఫోకస్ చెయ్యగలదు. అందుకే ముందు మొననే స్పష్టంగా చూడు, టార్గెట్టు మసకైతే కానీ అంటారు కోచ్‌లు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో రజతం తెచ్చిన మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ వాడేదీ ఇలాంటి సైటే. ఆ పోటీల్లో రెడ్ డాట్‌కి అనుమతి లేదు. అంటే ద్రోణుడి క్లాసులో ఫస్టొచ్చినవాడు ఇక్కడ తిట్లు తినాల్సిందే :)

రెడ్ డాట్ దగ్గర మాత్రం అర్జునుడే కరెక్టు. చిన్న ఎల్‌ఈడీ వెలుగు వంపుగాజు మీద పడి సమాంతర కిరణాలుగా కంటికొస్తుంది కాబట్టి, చుక్క ఎక్కడో దూరాన టార్గెట్టు దగ్గరే ఉన్నట్టుంటుంది. చత్వారం వచ్చినవాళ్ళకీ ఇబ్బంది లేదు. చూపు టార్గెట్టు మీద నిలిపితే చాలు, చుక్కే వచ్చి దాని మీద వాలుతుంది. కానీ ఎర్రగా మెరిసేదాని వెంట చూపు పోకుండా ఉంటుందా?

దానికి బావ చెప్పిన మందు టేపు. గాజుకి అవతలివైపు, అంటే టార్గెట్టు వైపు, అంటించెయ్యాలి. ఇక కుడి కంటికి చుక్కా, టేపూ తప్ప ఏమీ కనపడవు. టార్గెట్టుని ఎడమ కన్ను చూస్తుంది, మెదడు రెండిటినీ కలుపుతుంది. చూపు చుక్క మీదకి లాగితే టార్గెట్టు మసకబారుతుంది. మోసం చేసి పాస్ చేయించడానికి వీల్లేని యూనిట్ టెస్ట్. 1970లో ఉత్తర వియత్నాంలోని సన్ టే ఖైదీల శిబిరం మీద దాడికెళ్ళిన అమెరికా సైనికులు వాడినవీ ఇలా ముందువైపు మూసేసిన సైట్లే. రెండు కళ్ళ చూపు కాస్త అటూఇటూ అయితే గుండు పక్కకి పోతుంది కాబట్టి ఇది గురి కొలవడానికి పనికిరాదు, చూపు అలవాటు చెయ్యడానికే. నన్నడిగితే రెడ్ డాట్ పట్టే ప్రతివాడికీ మొదటిరోజే టేపెయ్యాలి.

"గన్ను లేకుండానే చూపిస్తా, బొటనవేలు చాపు. దూరంగా ఆ పడవని చూడు. వేళ్ళెన్ని?"

"ఒకటే బావా."

"రెండు కనపడాల్రా. సరిగ్గా చూడు."

మళ్ళీ చూశాను. ఒకటే. కుడి కన్ను మూసుకోమన్నాడు. పడవ ఉంది గానీ, దాని మీది జెండా లేదు.

నాకు నలభై మూడేళ్ళు. రోజుకి పది గంటలు స్క్రీన్ ముందే. స్కూల్లో కంటి పరీక్షప్పుడు రెండు కళ్ళతో కలిపి చదివించి పంపేశారు. చిన్నప్పుడే ఎడమ కంటికి పవర్ ఎక్కువుండి, మెదడు దాన్ని పక్కన పెట్టేసిందని, దీన్నే లేజీ ఐ అంటారని చెప్పింది డాక్టరు. ఏడెనిమిదేళ్ళలోపు అయితే బాగున్న కన్ను మూసి, రెండో దానితో పని చేయిస్తే చాలావరకు దారికొస్తుందట. ఇక్కడా మళ్ళీ టేపే.

మావాడికి అయిదేళ్ళు. ఆ రాత్రి కార్టూన్ చూస్తుంటే వెనక నుంచి ఎడమ కన్ను మూశాను, ఊరుకున్నాడు. కుడి కన్ను మూశాను, చెయ్యి తోసేశాడు. సోమవారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.