విజయపురీ సందర్శనము – ప్రాచ్యకళాశాలల కర్తవ్యము

ప్రాచీన నగరములకు పోవుట రెండు విధములు. చూచి వచ్చుట యొకటి, చదివి వచ్చుట మరియొకటి. ప్రాచ్యకళాశాలల విజ్ఞానయాత్రలలో మొదటిది తరచు, రెండవది అరుదు. సంస్కృత ప్రాకృతములు నేర్చిన విద్యార్థి సైతము శాసనశిల ముందర తక్కిన యాత్రికులవలెనే ఒక క్షణము నిలిచి, ప్రక్కనున్న ఫలకముపై నాలుగు మాటలు చూచి కదలిపోవుట విచారింపదగిన విషయము. నాగార్జునకొండ యందు ఈ లోపము మరింత స్పష్టముగా కనబడును.

క్రీస్తుశకము మూడు, నాలుగు శతాబ్దులలో ఇక్ష్వాకు రాజులకు రాజధానియైన విజయపురి ఇచటి కృష్ణాతీరపు లోయలో విలసిల్లినది. 1926లో సూరపరాజు వేంకటరామయ్య అను స్థానికోపాధ్యాయుడు అచట నొక ప్రాచీన స్తంభమును గుర్తించి ప్రభుత్వమునకు తెలియజేసెను. పిమ్మట మద్రాసు శాసనశాఖలో తెలుగు సహాయకుడైన రంగస్వామి సరస్వతి వచ్చి చూచెను. లాంగ్‌హర్‌స్ట్ త్రవ్వకములు జరిపెను. వోగెల్ ప్రాకృతశాసనములను ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో పరిష్కరించి ప్రకటించెను. 1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. లోయ మునిగిపోవుట తథ్యమైనందున 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యమున విస్తృతముగా త్రవ్వకములు సాగినవి. ముఖ్యమైన కట్టడములు కొన్ని ద్వీపమైన కొండమీదను, కొన్ని అనుపు వద్దను పునర్నిర్మింపబడినవి. శిలలు వస్తుప్రదర్శనశాలకు చేరినవి.

కావున ఇచట యాత్రికుడు చూచునది నగరము కాదు, నగరమునుండి రక్షింపబడిన శేషము. వీథుల సందేహము తీర్చుకొనుటకు మరల త్రవ్వి చూచు వీలు లేదు. మరల మరల పరీక్షింపదగినవిగా మిగిలినవి శిల్పములు, వానితోపాటు శిలలమీది మాటలు. ఆ మాటలను విడిచి శిల్పములను మాత్రమే చూచివచ్చినవానికి విజయపురి సగము కూడ దొరకదు.

ఈ మాటలు ప్రాచ్యవిద్యార్థికి క్రొత్తవి కావు. వరరుచి ప్రాకృతవ్యాకరణము చదివినవానికి ‘పుత్రస్య’ అనునది ‘పుత్తస్స’ అగునని తెలియును. శాసనములందు ద్విత్వమును వ్రాయు అలవాటు లేనందున అదియే ‘పుతస’ అని కనబడును. ఈ యొక్క సూక్ష్మము తెలిసినచో ‘ఇఖాకు’ ఇక్ష్వాకు శబ్దమనియు, ‘సిరి’ శ్రీ శబ్దమనియు తానే గ్రహించును. చాంతమూల మహారాజును వర్ణించు చోట అగిహోత, అగిఠోమ, వాజపేయ, అసమేధ పదములు వచ్చును. శ్రౌతకర్మల పేరులు విన్న విద్యార్థికి ఇవి చిరపరిచితములు. అట్టి వైదికయాజి సోదరియైన చాంతిసిరి, వీరపురుషదత్తుని ఆరవ రాజ్యసంవత్సరమున బౌద్ధ మహాచైత్యమునకు స్తంభములెత్తించినది. ఒకే రాజకుటుంబమున రెండు ధర్మములు ఎట్లు పొసగినవో చరిత్రగ్రంథము ఒక వాక్యములో చెప్పును; ఆయకస్తంభము ఆ కుటుంబపు బంధుత్వములతో సహా చెప్పును.

మరియొక ఉదాహరణము. మృతులైన రాజుల, సేనానుల, శ్రేణిప్రముఖుల స్మృత్యర్థము నిలిపిన స్తంభములను ఇచటి శాసనములు ‘ఛాయాఖంభ’ మనును. ఛాయాశబ్దమునకు ప్రతిబింబమను అర్థమును అమరకోశము చెప్పుచున్నది. నానార్థవర్గమును కంఠస్థము చేసిన విద్యార్థి, మృతుని రూపము చెక్కిన ఆ స్తంభము ఎదుట నిలిచి ఆ పదమును చదివినపుడు, ప్రయోగముతో అర్థము మనసున స్థిరపడును. తరగతిగదిలో పదిసార్లు వల్లించినను కలుగని నిశ్చయమది.

బోధిసిరి అను ఉపాసిక శాసనము నాటి తెలుగునేలకు లోకముతో గల సంబంధమును చూపును. తామ్రపర్ణి, అనగా సింహళదేశపు ఆచార్యుల కొరకు ఆమె చైత్యగృహమును కట్టించుచు, వారిచే ధర్మము ప్రసరించిన కాశ్మీర, గాంధార, చీన, వంగ, యవనాది దేశములను పేర్కొన్నది. ఎహువుల చాంతమూలుని కాలమున సంస్కృతశాసనములు కనబడును. ప్రాకృతము వెనుకబడి సంస్కృతము రాజశాసనభాష యగు సంధికాలమును ఒక్క ప్రదర్శనశాలలో పోల్చి చూడగల అవకాశము భాషావిద్యార్థికి సామాన్యమైనది కాదు.

పురాతత్త్వము వేరు శాస్త్రము, ప్రాచ్యోపాధ్యాయుని పని గ్రంథపాఠము అని కొందరి యాక్షేపము. పాఠ్యప్రణాళిక భారమును, పరీక్షల తొందరను ఎరిగినవారెవ్వరును దీనిని తేలికగా త్రోసివేయరు. అయినను శాసనము గ్రంథము కాక మరేమి? తాళపత్రమును పరిష్కరించుటకు అర్హుడైనవాడు శిలాపత్రమునకు అనర్హుడెట్లగును? విజయపురి ఉనికిని మొదట లోకమునకు తెలిపినవాడు ఒక ఉపాధ్యాయుడే యని మరువరాదు. బ్రాహ్మీలిపి తెలిసినవారికి వ్యాకరణమునందు పట్టు చాలక, వ్యాకరణమున దిట్టలైనవారికి లిపి తెలియక పోవుచున్న స్థితి యిట్లే కొనసాగినచో, ఈ శిలలను స్వయముగా చదువగలవారు దేశమున అరుదగుదురు. అప్పుడు పూర్వపండితుల పాఠములందలి పొరపాట్లను దిద్దువారుకూడ నుండరు.

చేయవలసిన పని పెద్దది కాదు. యాత్రకు ముందు రెండు వారములు బ్రాహ్మ్యక్షరములు నేర్పవలెను. ముద్రితమైన రెండు మూడు శాసనములను సంస్కృతచ్ఛాయతో తరగతిలో పాఠము చెప్పవలెను. ప్రదర్శనశాలలో విద్యార్థులను జట్లుగా విభజించి, ఒక్కొక్క జట్టునకు ఒక్కొక్క శిలను అప్పగించి, ముద్రితపాఠముతో సరిచూడుమనవలెను. తిరిగివచ్చిన పిదప పదవ్యుత్పత్తి, విభక్తి, చరిత్రవిషయములతో నొక చిన్న వ్యాసము వ్రాయించి దానికి మార్కులు కేటాయింపవలెను. పురాతత్త్వశాఖవారు ముఖ్యశాసనముల ప్రక్కన తెలుగులిపిలో మూలమును, తాత్పర్యమును ఉంచినచో సామాన్యయాత్రికునికి సైతము మేలగును. ఇది విజయపురికే కాక అమరావతికిని, ఇతర క్షేత్రములకును వర్తించును.

పాఠశాలా సంప్రదాయము విద్యను కంఠమున నిలిపినది. అది దాని గొప్పతనము. కంఠమున నున్న శబ్దమును శిలమీద గుర్తించు నేర్పును ప్రాచ్యకళాశాలలు జోడించినచో, ఆ విద్యకు తరుగు లేదు సరికదా, దానికొక క్రొత్త ప్రయోజనము సిద్ధించును. రాబోవు విద్యాసంవత్సరమున ఏ యొక్క కళాశాల యైనను ఈ క్రమమున విజయపురికి పోయివచ్చి, విద్యార్థుల పాఠములను ప్రకటింపగలిగినచో తక్కినవారికి మార్గము తానే ఏర్పడును.