గుమ్మడి లేని గుమ్మడి కాఫీ

శరదృతువు వచ్చినదనుటకు మన దేశమున తెల్లని వెన్నెలయు, దసరా బొమ్మల కొలువును గుర్తులు. మేమున్న న్యూజెర్సీలో అంగడియే గుర్తు. ఆగష్టు నెల చివరివారమున, ఎండ ఇంకను తగ్గకమునుపే, అంగడి వాకిట నారింజరంగు అట్టపెట్టెలు గుట్టలుగా పేర్చుదురు. కాఫీ సీసాలు, కాఫీలో కలుపుకొను క్రీమరు, బిస్కత్తులు, పెరుగు, రొట్టెలు, తుదకు చేతులు కడుగుకొను సబ్బు, అన్నిటిమీదను ఒకటే మాట: పంప్‌కిన్ స్పైస్. అనగా గుమ్మడి మసాలా. అక్టోబరు 31వ తేదీని వచ్చు హాలోవీనును, నవంబరు నాలుగవ గురువారమున వచ్చు థాంక్స్‌గివింగును గడచువరకు ఈ రంగు అంగడిని విడువదు.

ఇవి కొనదగినవా, ఇంటిలోని పిల్లలకును పెద్దలకును పెట్టదగినవా యని, ఈ దేశమునకు క్రొత్తగా కాపురమునకు వచ్చిన సోదరీమణులు కొందరు మమ్ము అడుగుచున్నారు. నిరుటివరకు మేమును ఆ గుట్టలను చూచి ప్రక్కకు తప్పుకొని పోవువారమే. ఈ యేడు మా పదేండ్ల యమ్మాయి పట్టుబట్టినది. బడిలో తోడిపిల్లలు తమ యిండ్లలోని గుమ్మడి రొట్టెల సంగతి చెప్పుకొనుచుండగా తాను మాటలాడక కూర్చుండవలసి వచ్చుచున్నదట. "అమ్మా, మన యింట ఒక్కటియు కొనవేమి?" అని కన్నీరు పెట్టుకొనెను. అంతట ఒక శనివారమున అయిదారు వస్తువులు తెచ్చి, రుచి చూచి, వానిపై అచ్చువేసిన దంతయు చదివితిమి. ఆ సంగతులే ఈ మాసము వ్రాయుచున్నాము. ఈ పరీక్షలో మావలన జరిగిన పొరపాటును కూడ దాచబోము.

ముందు పేరు సంగతి. ఈ మసాలాలో గుమ్మడికాయ యుండదు. గుమ్మడి గుజ్జుతో చేయు పై యను పిండివంటలో వేయు పొడి గనుక దానికి ఆ పేరు వచ్చినది. దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ, లవంగము, జమైకా దీవిలో పుట్టు ఆల్‌స్పైస్ అను మిరియమువంటి గింజ, ఇంతే దాని మర్మము. 1796లో అచ్చయిన అమేలియా సిమ్మన్సు గారి అమెరికా వంటల పుస్తకమునందే గుమ్మడి వంటకమునకు జాపత్రి, జాజికాయ, అల్లము వేయవలెనని యున్నది. 1934లో మెకార్మిక్ కంపెనీవారు ఈ పొడులన్నిటిని కలిపి ఒకే డబ్బాలో అమ్మసాగిరి. 2003లో స్టార్‌బక్స్ కాఫీ దుకాణములవారు ఆ రుచిని కాఫీలో చేర్చిరి. అది దేశమంతట ప్రాకినది. ఆ కాఫీలో నిజమైన గుమ్మడి గుజ్జు చేరినది 2015లో మాత్రమే. అనగా పండ్రెండేండ్లపాటు జనులు గుమ్మడి లేని గుమ్మడి కాఫీని వరుసలలో నిలువబడి కొని త్రాగిరి!

చూడగా మనకు క్రొత్త యేమియు లేదు. జాజికాయను పసిపిల్లలకు సానమీద అరగదీసి పెట్టుట మన తల్లులెరుగుదురు. శొంఠి లేని బాలింతరాలి గది మన దేశమున లేదు. జాజికాయ పుట్టిల్లు బందా దీవులు. లవంగము పుట్టిల్లు మొలక్కా దీవులు. ఇవి తూర్పు సముద్రములు దాటి పశ్చిమమునకు పోయినవి. గుమ్మడి యన్ననో అమెరికా ఖండమున పుట్టి మన పెరటి పందిరి కెక్కినది. సంక్రాంతి గొబ్బెమ్మల తలపై మనము పెట్టు పసుపుపచ్చని గుమ్మడిపూవు ఈ ఖండమునుండి వచ్చిన తీగెదే.

ఇక రుచి సంగతి. చల్లని కాఫీ సీసాను మొదట విప్పితిమి. వాసన మంచిదే. నోట పెట్టుకొన్న వెంటనే తీపి తప్ప వేరేమియు తెలియలేదు. మా వారు రెండు గ్రుక్కలు మ్రింగి నీళ్లు తెమ్మనిరి. సీసాపై చదువగా చేర్చిన పంచదార 36 గ్రాములని యున్నది. నాలుగు గ్రాములొక చెంచా యనుకొన్నచో తొమ్మిది చెంచాలు. స్త్రీలు దినమునకు చేర్చిన పంచదారను 25 గ్రాములకు మించి తినరాదని అమెరికా హృదయరోగ సంఘమువారి సలహా. అనగా ఆరు చెంచాలు. ఒక్క సీసాతో దినపు పాలు తీరి మరి సగము పాలు కూడ అయినది. ఈ లెక్క చూచుట యిప్పుడు సులభమే. చేర్చిన పంచదారను వేరొక వరుసలో చూపవలెనని 2016లో నియమము చేసిరి. పెద్ద కంపెనీలు 2020నుండి అట్లు చూపవలసి వచ్చినది. కొనుటకు ముందు డబ్బాను వెనుకకు త్రిప్పి ఆ ఒక్క వరుస చూచినను చాలును.

బిస్కత్తులు పిల్లలకు నచ్చినవి, మాకు నచ్చలేదు. వానిని గూర్చి ఇంతకంటె చెప్పవలసినది లేదు. పై మాత్రము నిజముగా బాగున్నది. అందులో గుమ్మడి యున్నది, మసాలా మితముగా నున్నది. అయితే దానిలో గ్రుడ్లుండును. కొన్ని పైల అడుగున నుండు పిండిరేకులో పందికొవ్వు కూడ కలుపుదురు. శాకాహారుల యిండ్లలో ఈ సంగతి తెలియక కొనువారు పెక్కురున్నారు కాన ప్రత్యేకముగా వ్రాయుచున్నాము. మా యత్తగారు దానిని ముట్టలేదు.

ఆమెకు నచ్చినది క్రీమరు. శ్రావణమాసమున ఆరు నెలలు మావద్ద నుండుటకు ఆమె వచ్చిరి. ఈ దేశపు పాలు కాఫీకి చిక్కదనమీయవని దినమును బాధపడుచుండిరి. ఈ క్రీమరును ఒక చెంచాడు కాఫీలో కలిపి యిచ్చితిమి. త్రాగి, "అమ్మాయీ, ఇది మన శొంఠికాఫీకి చెల్లెలే" అని సంతోషించిరి. వచ్చినది మొదలు ఆమె ఏ వస్తువును గాని అట్లు మెచ్చుకొనుట మేమెరుగము. మాకును ఆనందమై మరునాడు పెద్ద సీసా తెచ్చి పెట్టితిమి.

మా యత్తగారికి పదేండ్లుగా మధుమేహము కలదు. మాత్రలు వేసుకొని, పథ్యము తప్పక, పరగడుపున రక్తములోని చక్కెరను 130 లోపల నుంచుకొనువారు. పది దినముల తరువాత చూడగా 171. మరునాడు 178. అన్నము పెంచలేదు, పండ్లు పెంచలేదు, నడక మానలేదు. మేము దేశము మారుటయే కారణమనుకొంటిమి, చలి యనుకొంటిమి, మాత్రలు పనిచేయుట లేదేమో యనుకొంటిమి. వైద్యునకు టెలిఫోను చేయగా, "మాత్రలు పెంచుటకు ముందు చెప్పుడు, ఈ పది దినములలో క్రొత్తగా లోపలికి పోవుచున్న దేమి?" అని అడిగిరి. అప్పుడు గాని మాకు ఆ సీసా జ్ఞప్తికి రాలేదు.

దానిపై చెంచాకు అయిదు గ్రాముల పంచదార యని వ్రాసియున్నది. ఒక చెంచాతో నేమగునని మేము ధైర్యముగా నుంటిమి. ఆమె మాత్రము చెంచాతో కొలుచుట లేదు. పాలు పోసినట్లు పావుగ్లాసు పోసికొనుచున్నారు. అది నాలుగు చెంచాలు. ఉదయమొకసారి, మధ్యాహ్నమొకసారి. దినమునకు నలుబది గ్రాములు! పదార్థముల వరుస చదివినచో నీరు, పంచదార, నూనె. పాల పేరు చాల క్రింద నున్నది, గుమ్మడి పేరే లేదు.

మేము సీసాను దాచివేయవలెనని లేచితిమి. ఆమె ముఖము చూచి ఆగితిమి. "తియ్యగా నున్నదని నాకు తెలియును, అమ్మాయీ. చెప్పినచో నీవు మానిపింతువని చెప్పలేదు. మీరందరు పనులకు పోయిన తరువాత ఇంట నేనొక్కతెనే గదా, ఆ కాఫీ వేళకొరకే ఎదురుచూచుచుంటిని" అనిరి. మాకు నోట మాట రాలేదు. ఉదయము ఏడు గంటలకు తలుపు వేసికొని పోయి సాయంకాలము ఆరింటికి వచ్చు మాకు ఆ నడిమి గంటలెంత పొడుగో తోచియుండలేదు. తప్పు సీసాలో కొంతయే యున్నది.

సీసాను తీసివేసి ఊరకున్నచో ఆ కాఫీ వేళ కూడ పోవును గదా. కావున ఇంట చేయుదమనుకొంటిమి. ఇచ్చట మా పొరపాటు చెప్పవలసియున్నది. అంగడిలో గుమ్మడి గుజ్జు డబ్బాలు రెండు విధములు. రంగును బొమ్మయు ఇంచుమించు ఒక్కటే. ఒకటి వట్టి గుజ్జు. రెండవది పై చేయుటకు సిద్ధపరచినది; దానిలో పంచదార పాకమును మసాలాయు ముందే కలిపియుందురు. మేము చూడక రెండవది తెచ్చి, ముందుగా ఆ రాత్రికి కొంత పులుసులో వేసితిమి. చింతపండు, ఇంగువ, లవంగము, జాజికాయ కలిసి లేచిన వాసనకు మా యత్తగారు వంటయింటికి వచ్చి, "పులుసులో పెండ్లి తాంబూలము వేసితివా యేమి?" అనిరి. అందరము పచ్చడితో భోజనము చేసితిమి. కొనువారు వరుసలో గుమ్మడి యొక్కటే యున్నదో లేదో చూచి కొనవలెను. పులుసునకు ముక్కలే కావలసినచో బటర్‌నట్ అను, మెడ పొడుగైన గుమ్మడి మేలు. అదియు, ఇల్లినాయి రాష్ట్రమున పండించి డబ్బాల కెత్తు డికిన్సను గుమ్మడియు, మన యూరి తీపిగుమ్మడియు ఒక్క జాతివే. హాలోవీనునాడు కన్నులు, ముక్కు చెక్కి లోపల దీపము పెట్టు గుమ్మడి జాతి వేరు. పీచుగా నీరుగా నుండును, కూరకు రుచింపదు. అయినను మంచికాయలు వాకిళ్లలో కుళ్లిపోవుట చూచి మా యత్తగారు రెండు దినములు బాధపడిరి. గుమ్మమునకు బూడిదగుమ్మడి కట్టు మన ఆచారమును తలచుకొని, "వీరును దిష్టికే పెట్టుకొనిరి కాబోలు" అని తుదకు సమాధానపడిరి.

పొడికి మేము కుదిర్చిన పాళ్లు ఇవి: దాల్చినచెక్క పొడి నాలుగు చెంచాలు, శొంఠి రెండు, జాజికాయ ఒకటి, లవంగము అర. ఆల్‌స్పైస్ లేకున్నను లోపము తెలియదు. ఈ దేశపు అంగళ్లలో దాల్చిన యని యమ్మునది చాలవరకు కాసియా యను ముదురుచెక్క. దానిలో కూమరిను అను పదార్థము హెచ్చుగా నుండును గనుక కాలేయవ్యాధి గలవారు ప్రతిదినము తినరాదు. వారికి సింహళపు పలుచని చెక్క మేలు. 2023 చివర పిల్లలకమ్ము ఆపిలు గుజ్జు పొట్లములలో దాల్చినపొడి ద్వారా సీసము చేరి యనేక శిశువుల రక్తములో కనబడినది. 2024లో ప్రభుత్వ ఆహారశాఖవారు మరికొన్ని దాల్చినపొడుల పేర్లు ప్రకటించి వానిని వాడవద్దనిరి. అందుచే చవుక పొడిని కొనుట మాని చెక్కనే తెచ్చి దంచుకొనుచున్నాము.

కాఫీకి ఒక పెద్దచెంచాడు వట్టి గుజ్జును, పావుచెంచా పొడిని గ్లాసెడు పాలలో కలిపి సన్నని సెగమీద కాచి, వడియగట్టి, చిక్కని డికాషను పోయవలెను. పొడిని ముందుగా పాలలో వేసి కాచనిచో పైన తేలి గొంతులో దిగదు. డబ్బా విప్పిన తరువాత మిగిలిన గుజ్జును డబ్బాలోనే యుంచక, మంచుగడ్డల పళ్లెములో చెంచాకొక గడి చొప్పున గడ్డకట్టించినచో దినమునకొక గడ్డ తీసికొనవచ్చును. పంచదార వేయకున్నను గుజ్జులోని సహజమైన తీపి కొద్దిగా తెలియును.

ఇది సీసాలోని రుచియని మేము చెప్పము. మా యమ్మాయి ఒక గ్రుక్క త్రాగి, "అంగడిదే బాగున్నది" అని నిర్మొగమోటముగా చెప్పెను. దానిని కాదనలేము, తొమ్మిది చెంచాల పంచదారతో పోటీపడు శక్తి మా జాజికాయకు లేదు. తుదకు ఆమెతో ఒక ఒడంబడిక చేసికొంటిమి. ఈ ఋతువు గడచువరకు ఆదివారమున ఒక్క సీసా తెచ్చి, మన కాఫీ గ్లాసులలో చిన్నవి నాలుగు తీసి అందరమును పంచుకొనుట. బడికి మాత్రము ఇంట చేసిన గుమ్మడి రొట్టె ముక్క. రొట్టెలో పుస్తకమువారు చెప్పిన పంచదారలో సగమే వేయుచున్నాము. తోడిపిల్లలు అడిగి తిన్నారట.

మధ్యాహ్నపు కాఫీ విషయమున మా వీధి చివర నున్న మరియొక తెలుగువారి యింట కూడ ఒక పెద్దామె ఇట్లే ఒంటరిగా నుండునని తెలిసి, ఇరువురిని కలిపితిమి. మూడు గంటలకు ఆమె మా యింటికి వచ్చును, లేదా వీరు ఆ యింటికి పోవుదురు. కలుపు పని మా యత్తగారిదే. పాళ్లు మాకంటె ఆమెకే బాగుగా కుదురుచున్నవి. శొంఠి మరి అరచెంచా పెంచిరి. మూడు వారములకు పరగడుపున లెక్క 134కు దిగినది. మాత్రలు పెంచలేదు.

మొన్నటి ఆదివారమున సీసా పంచుచుండగా ఆమె తన గ్లాసును వాసన చూచి, సగము మనుమరాలి గ్లాసులో పోసి, మిగిలిన దానిని మాకు తెలియకుండ త్రాగవలెనని గోడవైపు తిరిగిరి. మేమును చూడనట్లే ఊరకుంటిమి.