ఎర్రనేలలో తోట: ముందుగా నీటి లెక్క

హౌరా నుంచి దక్షిణాదికి బయలుదేరిన రైలు సుమారు 115 కిలోమీటర్లు నడిచేసరికి ఖరగ్‌పూర్ వస్తుంది. ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం గల స్టేషనని చాలాకాలం పేరు మోసిన ఊరది. 1,072 మీటర్ల ఆ ఘనతను 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాటిపోయాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షనునూ, కర్మాగారాన్నీ నెలకొల్పిన నాటి నుంచి శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగు కుటుంబాలు ఇక్కడికి వచ్చి తరతరాలుగా స్థిరపడ్డాయి. వీధిలో బెంగాలీ, హిందీ వినిపించవచ్చు గాని, పెరట్లో కరివేప, మునగ, గోంగూర కనిపిస్తే ఆ ఇల్లు ఎవరిదో అడగనక్కరలేదు.

ఆ పెరడును వేసవి దాటించడమే కష్టం. ఇక్కడ ఏటా సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అంత వాన పడే ఊళ్లో తోటకు నీటి కరవేమిటని కొత్తగా బదిలీపై వచ్చినవారు ఆశ్చర్యపోతారు. ఆ వానలో అత్యధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకే. నవంబరు నుంచి మే వరకు, కాలబైశాఖి గాలివానలు ఒకటి రెండు తప్పితే, ఆకాశం మీద ఆశ పెట్టుకోవడానికి లేదు. నేల చూస్తే గునపానికి ఖంగుమనే ఎర్రరాతి నేల, అంటే లాటరైటు. ఎండితే రాయి, తడిస్తే నీటిని పట్టి ఉంచలేని జల్లెడ. కృష్ణా డెల్టా నల్లమట్టిలో వారానికొకసారి నీరు పెట్టి నిశ్చింతగా ఉండగలిగిన మనిషి, అదే పద్ధతి ఇక్కడ పాటిస్తే మూడోనాటికే మొక్క తల వాల్చడం చూస్తాడు.

ఇటువంటి చోట తోటకు నీటి ఏర్పాటు చేయదలచిన గృహస్థు మొట్టమొదట చేసే పొరపాటు దుకాణానికి వెళ్లడం. గొట్టాలు, చిమ్ముడు మూతులు, మోటారు కొని తెచ్చి, ఆ తరువాత వాటిని ఎక్కడ బిగించాలా అని ఆలోచిస్తాడు. చేయవలసింది దీనికి తలకిందులు. కావలసిన పనిముట్లు ఒక బకెట్టు, ఒక గడియారం, ఒక కాగితం.

కుళాయి కింద 15 లీటర్ల బకెట్టు పెట్టి ఎంతసేపటికి నిండుతుందో చూడాలి. ఒక నిమిషం పట్టిందంటే గంటకు 900 లీటర్లు. ఆ కుళాయి రోజుకు రెండు గంటలు వస్తుందనుకుంటే 1,800 లీటర్లు. ఇందులో ఇంటి వాడకానికి మనిషికి 135 లీటర్ల చొప్పున, మనదేశంలో నగర నీటి సరఫరాకు ఇంజనీర్లు పాటించే లెక్క ప్రకారం, అయిదుగురున్న ఇంటికి 675 లీటర్లు పోతాయి. మిగిలినది 1,125 లీటర్లు. తోట ఆస్తి అంతే.

ఇప్పుడు ఖర్చు. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు నీరు నిలిపితే అది సరిగ్గా ఒక లీటరు. ఈ చిన్న సమీకరణం గుర్తుంటే మిగిలినదంతా బడిపిల్లవాడి గుణకారమే. ఎండాకాలంలో పచ్చిక రోజుకు 5 మిల్లీమీటర్లు తాగుతుందని లెక్కవేస్తే, 300 చదరపు మీటర్ల పచ్చికకు 1,500 లీటర్లు కావాలి. ఉన్నది 1,125. కాబట్టి ఆ పచ్చిక కాగితం మీదనే ఆగిపోవాలి. దొరగారి బంగళాల ముందు విశాలమైన పచ్చికలు చూసి కలిగిన మోజు చాలామందికి ఈ మెట్టు దగ్గరే తీరిపోతుంది. తీరకపోతే ఏప్రిల్‌లో పసుపుపచ్చని గడ్డి తీరుస్తుంది.

పచ్చికను 100 చదరపు మీటర్లకు కుదిస్తే 500 లీటర్లు చాలు. అయితే తుంపరగా చిమ్మే నీటిలో గాలికీ ఎండకూ నాలుగో వంతు పోతుందనుకుని సుమారు 670 లీటర్లు కేటాయించాలి. ఇరవై పూలమొక్కలకు ఒక్కొక్కదానికి 8 లీటర్లు, అంటే 160. మూడు పండ్ల చెట్లకు 40 చొప్పున 120. మొత్తం 950 లీటర్లు. దాదాపు 175 లీటర్లు చేతిలో మిగులుతాయి. కుళాయి సన్నగా వచ్చిన రోజున కుటుంబంలో కలహం రాకుండా కాపాడేవి అవే.

ఎంత నీరో తేలాక, ఎన్నాళ్లకొకసారి అనేది నేల చెబుతుంది. ఇటువంటి తేలిక నేల ప్రతి 10 సెంటీమీటర్ల లోతుకు మొక్కకు అందే నీటిని సుమారు 10 మిల్లీమీటర్లు మాత్రమే దాచగలదనుకోవచ్చు. పచ్చిక వేళ్లు 20 సెంటీమీటర్లు దిగితే నిల్వ 20 మిల్లీమీటర్లు. సగం ఖర్చు కాగానే మళ్లీ నింపాలి గనుక, రోజుకు 5 చొప్పున రెండు రోజులకొక తడి. ఆ తడి కూడా ఒక్కసారిగా గుమ్మరిస్తే గట్టిపడిన పైపొర మీద జారి కాలువలోకి పోతుంది. పది నిమిషాలు వదిలి, అరగంట ఆపి, మళ్లీ పది నిమిషాలు వదలడం మేలు.

గొట్టాల సంగతి ఇప్పుడు వస్తుంది. చిమ్ముడు మూతి ఒక్కొక్కటి నిమిషానికి 5 లీటర్లు వాడితే, నిమిషానికి 15 లీటర్ల మూలంతో ఒకేసారి మూడింటికి మించి నడపరాదు. ఆరు మూతులుంటే రెండు విభాగాలుగా విడదీసి, ఒకదాని తరువాత ఒకటి తిప్పాలి. ఒక మూతి చిమ్మిన నీరు పక్క మూతి మొదలు దాకా చేరేటట్లు వాటిని నిలపాలి. లేకుంటే నడుమ ఎండు వలయాలు మిగులుతాయి. ఒకే కొలత గల ఖాళీ డబ్బాలు పచ్చికపై అక్కడక్కడ పెట్టి పావుగంట తరువాత నీటిమట్టాలు పోల్చితే ఏ మూల మాడుతున్నదో ముందే తెలుస్తుంది. గొట్టం సన్నదైతే చవక అనుకోవడం మరో భ్రమ. అదే నీటిని సగం వ్యాసం గల గొట్టంలో పంపితే రాపిడి వల్ల పోయే ఒత్తిడి సుమారు 30 రెట్లు పెరుగుతుంది.

ఒత్తిడి అనేది ఎత్తు నుంచి వస్తుంది. పది మీటర్ల ఎత్తు నీటికి చదరపు సెంటీమీటరుకు ఒక కిలో బలం. మూడు మీటర్ల మేడపై తొట్టె ఇచ్చేది 0.3 కిలో మాత్రమే. దానితో చుక్కల గొట్టాలు నడుస్తాయి గాని తుంపర లేవదు. తుంపర కావలసినవారు నేలతొట్టెలో నీరు పట్టుకుని, అక్కడి నుంచి చిన్న మోటారుతో తోడుకోవాలి. కొందరు తిన్నగా వీధి గొట్టానికే మోటారు తగిలిస్తారు. వారి పచ్చిక పచ్చగానే ఉంటుంది. పక్క ఇంటి బిందె నిండదు.

తుంపర పద్ధతికి అమెరికాలోని గ్లెండోరా పట్టణంలో 1930లలో ఆర్టన్ ఇంగిల్‌హార్ట్ రూపొందించిన తిరుగుడు మూతి పేరు తెచ్చింది. చుక్కల పద్ధతి ఇజ్రాయెల్‌లో సిమ్కా బ్లాస్ కృషితో 1965లో హాట్జెరిమ్ అనే సమష్టి గ్రామంలో పరిశ్రమగా మారింది. చెట్టు పక్కన మట్టికుండ పాతి నీరు నింపే ఉపాయమైతే రెండు వేల యేళ్ల నాటి చైనా వ్యవసాయ గ్రంథంలోనే ఉన్నది. ఖరగ్‌పూర్‌కు మాత్రం ఈ విద్య పరాయిది కాదు. బ్రిటిషువారి హిజ్లీ నిర్బంధ శిబిరం ఉన్న చోట 1951లో వెలసిన ఐ.ఐ.టి.లోని వ్యవసాయ ఇంజనీరింగు శాఖవారు, మొక్క మొదట ప్లాస్టిక్ పొర పరచి చుక్కల నీరు ఇస్తే బెండపంట ఎలా స్పందిస్తుందో ఇదే ఎర్రనేలలో పరీక్షించి 1998లో ఫలితాలు ప్రకటించారు. పెరట్లో ప్లాస్టిక్ అక్కరలేదు. ఎండుటాకులూ గడ్డీ పాదులో నాలుగంగుళాల మందాన పరిస్తే, ఆవిరై పోయే నీరు చాలామట్టుకు నిలుస్తుంది.

చుక్కల గొట్టాలకు ఈ ప్రాంతంలో ఒక ప్రత్యేక శత్రువు ఉన్నది. ఎర్రనేల బావి నీటిలో ఇనుము తరచుగా ఉంటుంది. నీరు గాలి తగిలి తుప్పురంగు మడ్డిగా మారి సన్నని రంధ్రాలను పూడ్చేస్తుంది. బకెట్టు నీరు ఒక రాత్రి కదలకుండా ఉంచి, తెల్లవారి అడుగున ఎర్రని పొర చూసినవారు ముందుగా నీటిని తొట్టెలో తేరనిచ్చి, తరువాత వడపోత గుండా పంపాలి. వడపోత ఒక్కటే చాలదు.

క్వార్టరు తోటకు మరొక లక్షణం కూడా ఉన్నది. అది ఉద్యోగం ఉన్నన్నాళ్లదే. బదిలీ అయినా, పదవీ విరమణ అయినా, తాళంచెవితో పాటు మామిడిచెట్టునూ అప్పగించి వెళ్లవలసిందే. అందువల్ల ఇక్కడ గొట్టాలను పాతిపెట్టక నేలపైనే పరచి, ఆకులతో కప్పడం తెలివైన పని. జూన్‌లో మొదటి వానలు స్థిరపడగానే వాటిని చుట్టి వసారాలో పెట్టి, నీరు నిలవకుండా పాదుల గట్లు ఒక పక్క తెంచుతారు. దీపావళి దాటాక గట్లు మళ్లీ కట్టి, గొట్టాలు పరచి, బకెట్టు పట్టుకుని కుళాయి దగ్గర మరొకసారి నిమిషాలు లెక్కపెడతారు.