రిబ్కా కడవ, పది ఒంటెలు

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఒంటె మూపురంలో నీళ్లుంటాయని చాలా ఏళ్లు సండే స్కూలు పిల్లలకు చెప్పాను. మా మాస్టారు నాకు చెప్పింది అదే, నేను పిల్లలకు అప్పగించిందీ అదే. నిజానికి మూపురంలో ఉండేది కొవ్వు. మేత దొరకని రోజుల్లో అది కరిగి బలమిస్తుంది. అప్పుడు మూపురం మెత్తబడి ఒక పక్కకు వాలిపోతుంది.

మరి నీళ్ల సంగతేమిటి? ఒంటె నీళ్లు దాచుకోదు, ఒంట్లో ఉన్నవాటిని పోగొట్టుకోదు, అంతే. క్నూట్ ష్మిట్ నీల్సన్ అనే శాస్త్రజ్ఞుడు 1953-54లో అల్జీరియాలోని సహారా ఎడారికి వెళ్లి ఒంటెలను పరీక్షించాడు. దప్పికగొన్న ఒంటె ఒళ్లు తెల్లవారుజామున 34 డిగ్రీలుంటే సాయంత్రానికి 40 దాటుతుంది. మనకైతే దాన్ని జ్వరమంటాం. ఒంటె మాత్రం చెమట పట్టనివ్వకుండా పగటి వేడిని ఒంట్లోనే ఉంచుకొని, రాత్రి చలిగాలికి వదిలేస్తుంది. నీళ్లు బాగా తాగిన ఒంటెలో ఇంత తేడా ఉండదు. పేడ కూడా దాదాపు ఎండినట్టే పడుతుంది. కనురెప్పలకు రెండు వరుసల వెంట్రుకలు, మూసుకునే ముక్కుపుటాలు, ఇసుకలో దిగబడని పాదాలు, ఇవన్నీ మీ పిల్లలే మీకు చెబుతారు.

శరీరపు బరువులో నాలుగో వంతు నీరు పోయినా ఒంటె నడుస్తూనే ఉంటుంది. ఎడారి ఎండలో అందులో సగం పోతేనే మనిషికి ప్రాణం మీదికి వస్తుంది. ఇక బావి కనబడితే పది పదిహేను నిమిషాల్లో సుమారు నూరు లీటర్లు తాగేయగలదు. వేరే జంతువైతే అంత నీరు ఒక్కసారిగా చేరితే రక్తంలో ఎర్ర కణాలు పగిలిపోతాయి. ఒంటె ఎర్ర కణాలు కోలగా ఉంటాయి, రెండింతలు ఉబ్బినా పగలవు.

ఈ నూరు లీటర్ల లెక్క తెలిశాక ఆదికాండము 24వ అధ్యాయము మళ్లీ తెరిచాను. అబ్రాహాము సేవకుడు (అతని పేరు ఆ అధ్యాయంలో లేదు, ఎలీయెజెరు అని మనమే అనుకుంటాం) పది ఒంటెలతో నాహోరు పట్టణానికి వచ్చాడు. అది హారాను ప్రాంతమే అయితే కనాను దక్షిణ భాగం నుండి 700 కిలోమీటర్లకు తక్కువుండదు. తనకే కాక ఒంటెలకు కూడా నీళ్లు పోస్తానన్న అమ్మాయి ఇస్సాకుకు భార్య కావాలన్నది అతని ప్రార్థన.

దారిలో బావులు తగిలే ఉంటాయి కాబట్టి ఒక్కో ఒంటె యాభై లీటర్లే తాగిందనుకుందాం. మొత్తం 500 లీటర్లు. మన ఆడవాళ్లు చంకనెత్తుకునే కడవలో 15 లీటర్లు పట్టినా, ముప్పై సార్లకు పైగా నీళ్లు చేదాలి. అదీ కిందికి దిగి ముంచుకొని, పైకెక్కి తొట్టిలో పోయాలి. ఒంటెలు తాగడం చాలించేవరకూ చేది పోస్తానన్నది రిబ్కా మాట. ఆ లెక్క ఆ ఊరి పిల్లకు తెలియదనుకోను. అయినా ఆమె పరుగెత్తింది.

సేవకుడు మౌనంగా చూస్తూ ఉన్నాడు. అతనితో మరికొందరు మనుషులు వచ్చారని ఆ అధ్యాయమే తరువాత చెబుతుంది. వారిలో ఒక్కరైనా చేయి వేసినట్టు మాత్రం వ్రాయబడలేదు.