సిలబస్ సచివాలయం పని కాదు

నిధులు ప్రభుత్వానివి కాబట్టి ఏం బోధించాలో కూడా ప్రభుత్వమే చెప్పాలన్న వాదన ఇప్పుడు చదువుకున్నవాళ్ల నోటే ఎక్కువగా వినిపిస్తోంది. అంతటా ఒకే సిలబస్ ఉంటే పిల్లలు కాలేజీ మారడం సులువనీ, ఉద్యోగాలకు అదే మేలనీ నమ్ముతున్నారు. ఈ నమ్మకం తప్పు, పైగా ప్రమాదకరం.

ముందు డబ్బు సంగతి. ఖజానాలో ఉన్నది ప్రజల పన్నులు, ఏ మంత్రివర్గం సొంత ఆస్తీ కాదు. ప్రభుత్వాసుపత్రి నడిచేదీ ఆ డబ్బుతోనే. అలాగని ఏ రోగికి ఏ మందు ఇవ్వాలో చెబుతూ జీవో రాదు కదా!

నిధులివ్వడానికీ బోధనను శాసించడానికీ మధ్య గీత స్వతంత్ర భారతం తొలినాళ్లలోనే గీశారు. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్, 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు అధ్యక్షుడయ్యారు. ఉన్నత విద్యకు సాయం చేయడం ప్రభుత్వ బాధ్యతే కానీ, ఆ సాయాన్ని బోధన మీద పెత్తనంగా పొరబడరాదని ఆ కమిషన్ నివేదిక స్పష్టంగా చెప్పింది. విశ్వవిద్యాలయ గ్రాంట్ల కమిషన్ (యూజీసీ)కి బాట వేసినదీ ఆ నివేదికే. 1956 నాటి చట్టం యూజీసీకి అప్పగించిన పని బోధన, పరీక్షలు, పరిశోధనల ప్రమాణాలను నిర్ణయించి నిలబెట్టడం. డిగ్రీకి ఎన్ని క్రెడిట్లు, అధ్యాపకుడికి ఏ అర్హత అన్నవి ప్రమాణాలు. ఏ పుస్తకం చదవాలి, ఏ అధ్యాయానికి ఎంత చోటివ్వాలి అన్నది ఆ సబ్జెక్టు అధ్యాపకులుండే బోర్డ్ ఆఫ్ స్టడీస్ తేల్చాల్సిన విషయం.

ఆ గీత చెరిగితే ఏమవుతుందో 2025 ఆగస్టులో చూశాం. యూజీసీ తొమ్మిది సబ్జెక్టులకు డిగ్రీ పాఠ్యప్రణాళికల ముసాయిదాలు విడుదల చేసింది. గణితంలో కాలగణన, శుల్బసూత్రాల వంటి అంశాలు చేరాయి. బీజగణితం, విశ్లేషణ, అనువర్తిత గణితం లాంటి మూలాంశాలకు తగిన చోటు దక్కలేదని వందల మంది గణితవేత్తలు సంతకాలతో అభ్యంతరం చెప్పారు. మన ప్రాచీన గణితం చదవదగినదే. దానికి ఎన్ని గంటలు కేటాయించాలో తేల్చాల్సింది మాత్రం గణితం బోధించేవాళ్లు.

ఇది ముసాయిదా, సలహా మాత్రమేనని సర్దిచెప్పేవాళ్లున్నారు. వైస్ ఛాన్సలర్ నియామకమూ, గ్రాంటూ పైవాళ్ల చేతిలో ఉన్నప్పుడు సలహాకూ ఆజ్ఞకూ తేడా ఎంత? పాఠ్యప్రణాళిక రూపకల్పనలో సంస్థలకూ అధ్యాపకులకూ స్వేచ్ఛ ఇస్తామని 2020 జాతీయ విద్యావిధానమే మాటిచ్చింది. ఆ మాట నిలబెట్టుకోమనే అడుగుతున్నాం.

ఇందుకు కేంద్రంలోని పార్టీని ఒక్కదాన్నే తప్పుపట్టి ఊరుకుంటే సరిపోదు, రాష్ట్రంలోనూ ఇదే తీరు. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి 2020-21లో డిగ్రీ ప్రణాళికను మార్చింది. 2023-24లో ఒకే ప్రధాన సబ్జెక్టుండే సింగిల్ మేజర్ పద్ధతి తెచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి చదువు తీరు మళ్లీ మారింది. మార్పు మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. తరగతి గదిలో దాన్ని మోసే అధ్యాపకుడు నిర్ణయం జరిగే చోట ఉండాలి, ఉత్తర్వు అందుకునే చోట కాదు. పైనుంచి సిలబస్ దిద్దే అధికారాన్ని నేడు ఒప్పుకుంటే, రేపు వచ్చే ప్రభుత్వానికీ అదే అధికారం దక్కుతుంది. అప్పుడు అభ్యంతరం చెప్పే హక్కు మనకు మిగలదు.

సిలబస్‌లు పాతబడిపోయాయన్న ఫిర్యాదు నిజమే. కారణం స్వయంప్రతిపత్తి ఎక్కువవడం కాదు, రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉండడం. శాఖలో రెగ్యులర్ అధ్యాపకులే లేనప్పుడు బోర్డ్ ఆఫ్ స్టడీస్ కొత్త పాఠం ఎలా తయారుచేస్తుంది? ఇక కాలేజీ మారే వెసులుబాటుకు క్రెడిట్ల బదిలీ చాలు, అందరూ ఒకే పుస్తకం చదవనక్కర్లేదు. బస్తర్ సరిహద్దున ఉన్న కాలేజీలో ఆదివాసీ సమాజం గురించీ, కోనసీమలో డెల్టా వ్యవసాయం గురించీ ఎక్కువ చెప్పుకునే వీలుండాలి.

ప్రభుత్వం ఖాళీలు నింపాలి, గ్రంథాలయాలకు, ప్రయోగశాలలకు నిధులివ్వాలి, ఖర్చుకు లెక్క అడగాలి. బోర్డ్ ఆఫ్ స్టడీస్ నిర్ణయాలనూ వాటి కారణాలనూ ప్రజల ముందు పెట్టమని ఆదేశించాలి. పాఠం రాసే పని మాత్రం పాఠం చెప్పేవాళ్లకు వదిలేయాలి. అధ్యాపక సంఘాలూ విద్యార్థి సంఘాలూ జెండాలు పక్కనపెట్టి ఈ ఒక్క డిమాండ్ మీద ఏకం కావాలి.